పుత్తూరు కొండల్లో ఒక కోనబాట: నీటిని మళ్లించి దారిని నిలబెట్టిన పని

తిరుపతి జిల్లాలో పుత్తూరు, నారాయణవనం, నాగలాపురం వైపు సాగే కొండల్లో నీటి వసతి ఉన్న కోనలకు పాత కాలిబాటలు ఉన్నాయి. మేకల కాపరులు, కట్టెలకు వెళ్లేవారు, కార్తీక సోమవారాల్లో శివుడికి నీళ్లు పోసి వచ్చేవారు తరతరాలుగా నడిచి వేసిన బాటలవి. అటువంటి బాట ఒకదానిని అటవీశాఖ అనుమతితో, స్థానిక వన సంరక్షణ సమితి సభ్యులతో కలిసి స్వచ్ఛందంగా బాగుచేసిన తీరును, ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ పనిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదన్న సంగతిని ఇక్కడ వివరిస్తున్నాను. కోన పేరు కావాలనే రాయడం లేదు. నాగలాపురం వైపు మడుగులకు పేరు వచ్చాక వారాంతాల్లో చెన్నై నుంచి వచ్చే వాహనాల వరసను చూసినవారికి కారణం వేరే చెప్పనక్కరలేదు. నేను వృత్తిరీత్యా చెరువులు, కాలువల పనులు చూసే ఇంజనీరును. ఈ బాట విషయంలో కొలతలు, వాలు, రాతిపని బాధ్యత నాది. మనుషులను కూడగట్టడం, భోజనాలు, ప్రయాణాలు చూసింది తిరుపతిలోని మిత్రులు.

బాట మొత్తం సుమారు 3 కిలోమీటర్లు. మొదటి కిలోమీటరు మామిడి తోటల అంచున, వంక పక్కనే దాదాపు చదునుగా సాగుతుంది. వంక దాటగానే కొండవాలు మొదలై, కిలోమీటరు పైచిలుకు దూరంలోనే సుమారు 200 మీటర్ల ఎత్తు ఎక్కించి కనుమ మీదికి చేరుస్తుంది. అక్కడి నుంచి బండల మీదుగా గుండం దాకా నడక సులువు. చెడింది నడిమి భాగం. ఈ కొండలు కడప శిలా సముదాయానికి చెందిన నగరి క్వార్ట్‌జైట్‌వి. తిరుమల కొండకూ ఇదే రాయి పైకప్పు. క్వార్ట్‌జైట్ చాలా గట్టి రాయి, నీటిని పీల్చదు, పగిలితే పలకలుగా పగులుతుంది. దాని మీద మట్టి పొర జానెడు కూడా ఉండదు. అందువల్ల పెద్ద వాన పడినప్పుడు నీరు ఇంకే వీలు లేక పైపైనే పరుగెత్తుతుంది, ఆ పరుగుకు ఎక్కడ గాడి దొరికితే అక్కడ మట్టినంతా ఊడ్చుకుపోతుంది. మట్టి పోయాక మిగిలే చిన్న రాళ్లు కాలి కింద గోలీల్లా దొర్లుతాయి. మోకాలు నొప్పి ఉన్నవారు ఎక్కడం కంటే దిగడానికి భయపడే బాట ఇది.

మా ప్రాంతంలో ఈ కష్టానికి కాలం కూడా తోడవుతుంది. పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. కార్తీక మాసమూ అప్పుడే వస్తుంది. అంటే నేల బాగా నానిన రోజుల్లోనే బాట మీద జనం ఎక్కువ. ఎండిన బాటను వందమంది తొక్కినా పెద్దగా చెడదు. నానిన బాటను పాతికమంది తొక్కితే అంచు కుంగుతుంది, కుంగిన చోట నీరు చేరుతుంది. 2021 నవంబరు వానలు తిరుపతి చుట్టుపక్కల చేసిన నష్టం అందరికీ గుర్తుండే ఉంటుంది. తిరుమలకు వెళ్లే శ్రీవారి మెట్టు కాలిబాట కూడా అప్పుడు దెబ్బతిని మూతబడి, 2022 మే నెలలో గానీ మళ్లీ తెరుచుకోలేదు. మా కోనబాట వాలు భాగంలో అదే వానకు మోకాలి లోతు గండి పడింది. జనం గండిలో నడవలేక పక్కనున్న పొదల్లోంచి నడవడం మొదలుపెట్టారు, ఏడాది తిరిగేసరికి ఒక బాట మూడు బాటలయింది.

అనుమతి గురించి

స్వచ్ఛంద బృందాలు తరచుగా తేలిగ్గా తీసుకునే విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చొరబడడం, చెట్టు కొట్టడం, రాయి తీయడం నేరాలు. మంచి ఉద్దేశంతో చేసినా నేరం నేరమే. జాతీయ ఉద్యానవనం, అభయారణ్యం పరిధిలోకి వస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పైగా ఇది ఎర్రచందనం పెరిగే నేల. ఎర్రచందనం అక్రమ రవాణాను అరికట్టే టాస్క్‌ఫోర్స్ తిరుపతి కేంద్రంగానే పనిచేస్తోంది. తెల్లవారుజామున మచ్చుకత్తులు, గడ్డపారలు పట్టుకుని పదిమంది అడవిలోకి నడిచి వెళుతుంటే బీట్ అధికారి ఏమనుకోవాలి?

అందుకే మొదట రేంజ్ కార్యాలయానికి ఒక అర్జీ, దానితో పాటు చేతితో గీసిన పటం, చేయబోయే పనుల పట్టిక ఇచ్చాము. ఆ పట్టికలో చేయబోని పనులు కూడా రాశాము: పచ్చని చెట్టు ఏదీ కొట్టము, సిమెంటు వాడము, బాటను వెడల్పు చేయము, నిప్పు రాజేయము. ఈ రెండో పట్టికే అధికారుల మనసు కుదుటపరిచిందని నా అభిప్రాయం. వారు పెట్టిన షరతులు కూడా సబబైనవే. పని జరిగే ప్రతిసారీ సమితి సభ్యులు ఇద్దరు వెంట ఉండాలి, పనిముట్లు లెక్కపెట్టి లోపలికి తీసుకెళ్లి లెక్కపెట్టి బయటికి తేవాలి, మధ్యాహ్నానికి అడవి నుంచి బయటపడాలి, వేసవి మంటల కాలం ముదరకముందే ఆ ఏటి పని ముగించాలి. అలా చూస్తే జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకే మాకు వీలు. వానలు వెనకబట్టి, నేల ఇంకా కొంత మెత్తగా ఉండి, ఎండ ముదరని రోజులవి. 2023లో ఆ కాలమంతా మొదటి విడత పనికి సరిపోయింది.

చెడింది ఎక్కడ

బాట బాగుచేద్దాం అనగానే చాలామందికి తోచేది పొదలు నరకడం, ప్లాస్టిక్ ఏరడం, రాళ్ల మీద రంగుతో బాణపు గుర్తులు వేయడం. ఈ మూడింటికీ ఫొటోలు బాగా వస్తాయి. చెత్త ఏరడం తప్పకుండా చేయవలసిందే, కానీ దానివల్ల బాట ఒక్క వానకైనా ఎక్కువ కాలం నిలవదు. బాటను పాడుచేసేది ప్రధానంగా నీరు. మనిషి కాలు ఆ నీటికి దారి చూపుతుంది. కాబట్టి నీరు బాట మీదికి ఎక్కడ వస్తోంది, ఎంత దూరం బాటను పట్టుకుని పోతోంది, ఎక్కడ దిగిపోతోంది అన్న మూడు సంగతులు తేలకముందు గడ్డపార పట్టకూడదు. ఇవి ఎండలో నడిస్తే తెలియవు. వాన కురుస్తుండగా నడవాలి. డిసెంబరులో ఒక ముసురు రోజున సమితి పెద్దాయన ఒకరు, నేను, మరో మిత్రుడు వాలు భాగం మాత్రమే నడిచాము. వంకకు వరద వచ్చే వీలుంది కనుక కోన లోపలికి వెళ్లలేదు. నీరు ఎక్కిన చోట ఒక రాయి, దిగిన చోట రెండు రాళ్లు పేర్చి గుర్తు పెట్టుకుంటూ పోయాము.

ఆ నడకలో తేలింది ఏమిటంటే, గండికి మూలం గండి దగ్గర లేదు. దానికి చాలా పైన, కనుమ దగ్గర, పశువుల జాడ ఒకటి వచ్చి మన బాటలో కలుస్తోంది. పైవాలు నీరంతా ఆ జాడ వెంట వచ్చి బాటలోకి దూకుతోంది. బాట అప్పటికే చుట్టుపక్కల నేల కంటే పల్లంగా ఉండడం వల్ల ఒకసారి ఎక్కిన నీరు దిగే దారి లేక కిందిదాకా పరుగెడుతోంది. పెద్దాయన ఆ కలిసే చోట నిలబడి, "ఇది మూయకుండా కింద ఏం కట్టినా కొట్టకపోతాది నాయనా" అన్నారు. చెరువు పని చేసేవాడిని కాబట్టి ఆ మాటకు నేను వెంటనే తలూపాను. మా బృందంలోని కుర్రవాళ్లకు మాత్రం గండిని వదిలేసి మొదటి వారాలన్నీ అర కిలోమీటరు పైన మట్టి తవ్వడం ఎందుకో కొన్నాళ్లు అంతుపట్టలేదు.

రెండో లోపం వాలుది. పాత బాట కొండను చుడుతూ వంకర్లు తిరుగుతూ ఎక్కేది. గత కొన్నేళ్లలో దిగేవారు తొందరలో వంకరలను కోసి నిట్టనిలువుగా దిగడం మొదలుపెట్టారు, చివరికి ఆ అడ్డదారే అసలు దారిగా మారింది. బాటలు వేసేవారు పలు దేశాల్లో పాటించే ఒక సూత్రం ఉంది: బాట వాలు, అది పోయే కొండ వాలులో సగానికి మించకూడదు. కొండ 40 శాతం వాలుగా ఉంటే బాట 20 శాతం దాటకూడదు. దాటితే నీరు బాటను అడ్డంగా దాటిపోకుండా బాట వెంటే పోతుంది. నిట్టనిలువు అడ్డదారిలో బాట వాలు, కొండ వాలు ఒకటే. అక్కడ ఎంత మంచి కట్టడం కట్టినా నీటిని పక్కకు తప్పించే వీలే ఉండదు.

మూడోది, ఎవరో దాతలు భక్తితో కట్టించిన సిమెంటు మెట్లు. వాటి కింద మట్టిని నీరు తొలుచుకుపోగా మెట్లు గాలిలో వేలాడుతూ విరిగి ఉన్నాయి. సిమెంటు కుంగదు, విరుగుతుంది. రాయి కుంగుతుంది, కుంగినదాన్ని గడ్డపారతో ఎత్తి మళ్లీ కుదర్చవచ్చు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు వైపు 2,000 పైచిలుకు మెట్లు నిలబడి ఉన్నాయంటే వాటి వెనుక తిరుమల తిరుపతి దేవస్థానాల ఇంజనీరింగ్ విభాగం ఏడాది పొడవునా ఉంది. ఆదివారం పూట గడ్డపారలతో వచ్చేవారు తాము మళ్లీ బాగుచేయగలిగినదే కట్టాలి.

రాయి, వాలు, నీరు

మొదట పశువుల జాడను కాపరులతో మాట్లాడి పది అడుగులు పక్కకు జరిపించి, కలిసే చోట వెడల్పాటి పల్లం తీశాము. ఈ పల్లం బాటను కొద్దిగా దింపి మళ్లీ కొద్దిగా ఎత్తుతుంది. నడిచేవారికి తెలియనే తెలియదు, నీరు మాత్రం ఆ ఎత్తును ఎక్కలేక లోయ వైపు దిగిపోతుంది. నా అనుభవంలో ఏ రాతికట్టు కంటే ఇదే మేలు, ఎందుకంటే విరగడానికి అందులో ఏమీ లేదు. అయితే మట్టి చాలినంత ఉన్న చోటే ఇది కుదురుతుంది.

నిట్టనిలువు గండిని వదిలేసి, పాత వంకర బాట ఆనవాళ్లు దొరికినంత మేరకు దాన్నే తిరిగి పట్టుకున్నాము. ఆనవాళ్లు లేని సుమారు 150 మీటర్ల మేర కొత్తగా గీయవలసి వచ్చింది. రేంజ్ అధికారి స్వయంగా వచ్చి నడిచి, ఏ చెట్టు వేరూ తెగకుండా గీతను రెండు చోట్ల మార్పించారు. వాలు కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. వాటర్‌షెడ్ పనుల్లో రైతులు గట్లు గీయడానికి వాడే ఇంగ్లీషు ఏ అక్షరపు ఆకారం చట్రం సరిపోతుంది: 2 మీటర్ల వెదురు కర్రలు రెండింటిని పైకొస దగ్గర కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పైకొస నుంచి దారానికి ఒక రాయి వేలాడదీయాలి. రెండు కాళ్లూ నేల మీద ఆనిన చోట గుర్తుపెట్టుకుని, దారం అడ్డకర్రను తాకే చోట గీత గీయాలి. తర్వాత చట్రాన్ని తిప్పి ఎడమకాలు ఉన్న చోట కుడికాలు, కుడికాలు ఉన్న చోట ఎడమకాలు ఆనించి మళ్లీ గీత గీయాలి. రెండు గీతల నడిమధ్య బిందువే మట్టం. దారం ఆ బిందువు మీద నిలిస్తే రెండు కాళ్లూ సమానమైన ఎత్తులో ఉన్నట్టు. ఒక కాలి కింద 20 సెంటీమీటర్ల చెక్క పెట్టి, కాళ్ల నడుమ 2 మీటర్ల దూరం ఉండేలా చూసుకుంటే 10 శాతం వాలు దానంతటదే వస్తుంది. విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఒక్క పూటలో ఈ పని పట్టుబడింది, ఆ తర్వాత వారు నన్ను పిలవడమే మానేశారు.

కొత్త బాటను పూర్తిగా కొండను కోసే వేశాము. సగం కోసి, ఆ మట్టిని బయటి అంచున పోసి వెడల్పు చూపడం సులువే కానీ, పోసిన మట్టి మొదటి వానకే జారుతుంది. వెడల్పు రెండడుగులకు కాస్త ఎక్కువ. బాట తలం లోయ వైపు స్వల్పంగా, మీటరుకు 5 సెంటీమీటర్ల మేర వాలి ఉండాలి. వాలిందా లేదా అన్నది బిందెడు నీళ్లు పోసి చూసేవాళ్లం. నీళ్లు రెండు అడుగులు కూడా బాట వెంట పోకుండా అంచు దాటితే సరి, లేకపోతే మళ్లీ పార.

మట్టి పల్లం కుదరని చోట్ల వాటర్ బార్లు వేయవలసి వచ్చింది. బాటకు అడ్డంగా, ఏటవాలుగా భూమిలో పాతిన రాళ్ల వరసలివి. వీటిని కుదర్చడానికి మాకు ఒక వడ్డెర మేస్త్రీ దొరకడం మా అదృష్టం. మొదట కాలువ తవ్వాలి, రాయి ఎత్తులో మూడింట రెండు వంతులు లోపలికి దిగేటంత లోతు. కింది రాయి, అంటే నీరు బయటపడే కొసన ఉండేది, ముందు పెట్టాలి. తర్వాతి రాయి దాని మీద కొద్దిగా ఎక్కి కూర్చోవాలి, పెంకుటింటి పెంకుల వరసలోనే. సందుల్లో మట్టి పోయకూడదు, సమ్మెటతో కొట్టిన రాతి ముక్కలు దట్టించాలి. కుర్రవాళ్లు పలకరాయిని నిలువుగా పాతి చూడడానికి చక్కగా ఉందని మురిసిపోతుంటే మేస్త్రీ వచ్చి కాలితో ఒక్క తోపు తోశాడు, రాయి ఒరిగింది. "నిలబెట్టిన రాయి ఎప్పుటికైనా పడేదే సార్. పండుకున్న రాయిని ఎవురు పడేస్తారు?" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి రాయినీ దాని వెడల్పాటి ముఖం మీదే పరిచాము, పరిచిన ప్రతి రాయి మీదా ఒకరు ఎక్కి గెంతి చూశాకే తర్వాతి రాయి.

కోణం విషయంలో జాగ్రత్త అవసరం. బాట సాగే దిక్కుకు 45 నుంచి 60 డిగ్రీల ఏటవాలులో ఉంటే వచ్చే నీరే ఇసుకను కడుక్కుంటూ పోతుంది. లంబకోణానికి దగ్గరైతే వెనక ఇసుక మేటలు వేసి, కొంతకాలానికి నీరు పైనుంచి దూకుతుంది. ఒక వరసకూ మరో వరసకూ మధ్య ఎడం ఎంతన్నది బాట వాలును బట్టి ఉంటుంది. 10 శాతం వాలుకు 20, 25 మీటర్లకొకటి చాలు. 20 శాతం దాటితే 10 మీటర్ల లోపే వేశాము. బయటపడే కొస దగ్గర నీరు దిగే తావు బాట కంటే వెడల్పుగా ఉండాలి, అక్కడ చిన్న రాళ్లు పరచాలి, లేకపోతే ఆ తావే కొత్త గండికి పుట్టుక.

మెట్లు తప్పని చోట ఒకే ఒక చిన్న వరస కట్టాము. కింది నుంచి పైకి, ప్రతి మెట్టూ కింది మెట్టు వెనుక భాగం మీద కూర్చునేలా, ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు మించకుండా. మెట్లకు ఇరుపక్కలా గరుకు రాళ్లను ఎగుడుదిగుడుగా పేర్చడం మరిచిపోకూడదు. పక్కన మెత్తని నేల కనపడితే జనం మెట్టు దిగి దాని మీదే నడుస్తారు. రాళ్లన్నీ బాట పైవాలు నుంచి, చెదురుగా, ఒకే చోట గుంట పడకుండా ఏరాము. పెద్దవాటిని గోనెపట్టలో వేసి రెండు వాసాలకు కట్టి నలుగురు మోశారు; చిన్నవాటిని, ఏటా ఆడికృత్తికకు తిరుత్తణి కావడి మోసే ఊరి కుర్రవాళ్లు కావడిబద్దతోనే తెచ్చేవారు. రాయి కదిలించేటప్పుడు దిగువన ఎవరూ ఉండకూడదన్న ఒక్క నియమం విషయంలో మాత్రం నేను కటువుగా ఉన్నాను.

అడ్డదారులు, పొదలు

పాత గండిని మూయడం కట్టడం కంటే కష్టమైంది. గండికి అడ్డంగా రాతి అడ్డుకట్టలు వేసి, వాటి వెనుక మట్టి చేరేలా వదిలేశాము. జనాన్ని ఆపడానికి మొదట రేగుకంప అడ్డం వేస్తే వారం తిరగకుండా ఎవరో తీసి పక్కన పడేశారు. తెలుగులోనూ తమిళంలోనూ బోర్డు రాయించాము, ఎందుకంటే వచ్చేవారిలో సగం మంది తమిళులు. దానివల్ల కలిగిన ప్రయోజనం స్వల్పం. నిలబడి గమనిస్తే అసలు సంగతి తెలిసింది. పై మలుపులో నిలుచున్నవాడికి కింది మలుపు కళ్లకు కనపడితే అడ్డంగా దిగుతాడు, కనపడకపోతే దిగడు. అందువల్ల మలుపుల మధ్య ఉన్న పొదలను కొట్టకుండా వదిలేశాము, పొదలు లేని రెండు చోట్ల ఎండిన కొమ్మలు, పెద్ద బండరాళ్లు చూపుకు అడ్డంగా పెట్టాము. ఆ తర్వాత అడ్డదారి పట్టేవారు గణనీయంగా తగ్గారు.

దీన్నిబట్టి పొదలు కొట్టడంలో మా పద్ధతి కూడా మారింది. నడిచేవారి భుజాలకు తగిలేంత మేర మాత్రమే, పైవాలు వైపు ఎక్కువగా, లోయ వైపు వీలైనంత తక్కువగా కొట్టాలి. లోయ వైపు అంచును పట్టుకుని ఉన్నది బోదగడ్డి, ఆ పొదల వేళ్లే. అడవిని కమ్మేసే కలుపు పొద లంటానాను మాత్రం వేరుతో పెరికాము. కొట్టిన కంపను బాట అంచున కుప్ప వేయడం పెద్ద పొరపాటు. ఫిబ్రవరి దాటితే అది మంటకు మేత. దూరంగా, పలచగా చల్లాలి.

మనుషులు

స్వచ్ఛందం అన్న మాటకు అందరూ ఉచితంగా పనిచేయాలన్న అర్థం కొందరు చెప్పారు. నేను ఒప్పుకోలేదు. తిరుపతి నుంచి వచ్చే ఉద్యోగికి ఆదివారం సెలవు. మేస్త్రీకి, సమితి సభ్యుడికి అది కూలి పోయే రోజు. వారిద్దరికీ ఊరి రేటు ప్రకారం కూలి ఇచ్చాము, మొత్తం ఖర్చులో పెద్ద భాగం అదే. ఆ డబ్బు స్వచ్ఛంద సభ్యులు వేసుకున్న చందాల నుంచి వచ్చింది. కూలి ఇచ్చినందువల్ల ఇంకొక లాభం కూడా కలిగింది: మేస్త్రీ మాట పనిలో చెల్లింది, ఇంజనీరైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగైనా ఆయన చెప్పిన రాయే మోశాడు.

భద్రత విషయం క్లుప్తంగా చెబుతాను. రాయిని ముందు గడ్డపారతో కదిపి, తన వైపుకు ఎత్తి, అవతలి వైపుకు సందు వదలాలి. కింద మండ్రగబ్బో పింజరో ఉంటే అది అవతలికి పోతుంది. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, నోటితో పీల్చడం ఏదీ చేయకుండా, కదలనివ్వకుండా మోసుకుని విషానికి విరుగుడు ఉండే ఆసుపత్రికి చేర్చాలని ప్రతి ఉదయం పని మొదలు పెట్టే ముందు చెప్పేవాళ్లం. వాహనం ఒకటి తోటల దగ్గర డ్రైవరుతో సహా సిద్ధంగా ఉండేది. ఈ కొండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో చిరుత దాడిలో చిన్నారి చనిపోయిన తర్వాత పిల్లలను పనికి తీసుకురావద్దని, ఎవరూ ఒంటరిగా వెనకబడకూడదని నియమం పెట్టుకున్నాము. అదృష్టవశాత్తూ మాకు జరిగిన ప్రమాదాలు వేళ్లు నలగడం, మడమ మెలిక పడడం వరకే. మడమ మెలిక పడిన చెన్నై మిత్రుడు ఎక్స్‌రే సంగతి పక్కనపెట్టి పుత్తూరు కట్టు వేయించుకునే తీరతానని పట్టుబట్టాడు. ఎక్స్‌రే తీయించాకే పంపించాము.

రెండు వానాకాలాల తర్వాత

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను, 2024 అక్టోబరు వానలు ఈ పనికి అసలైన పరీక్ష పెట్టాయి. కనుమ దగ్గర తీసిన పల్లం చెక్కుచెదరలేదు, గండిలోకి నీరు రావడం చాలావరకు ఆగింది. గండిలో వేసిన అడ్డుకట్టల వెనుక మట్టి చేరి బోదగడ్డి మొలిచింది. కొత్త బాట లోయ వైపు వాలు నిలిచిన మేర బాగుంది. జనం బయటి అంచున నడవడానికి భయపడి లోపలి వైపే నడిచిన చోట తలం లోపలికి కుంగి, మళ్లీ సన్నని కాలువ ఏర్పడుతోంది. ఇది ఏటా పారతో సరిచేయవలసిన పని, దానికి శాశ్వత పరిష్కారం లేదు. వాటర్ బార్లలో నాలుగింట మూడు వంతులు పనిచేస్తున్నాయి. పనిచేయనివి దాదాపు అన్నీ కింద బండ తగిలి, కావలసిన కోణం గానీ లోతు గానీ రాని చోట్ల వేసినవి. వాటి వెనుక ఇసుక నిండిపోయింది. అటువంటి చోట్ల రాయి పాతడం కంటే బండలోనే ఉలితో రెండంగుళాల గాడి తీయడం మేలని మేస్త్రీ అభిప్రాయం. ఒక చోట తీయించి చూస్తే నీరు చెప్పినట్టు విన్నది, కానీ బండ చెక్కడానికి ప్రతిసారీ విడిగా అనుమతి కావాలి.

నిలిచిన పనిని నిలబెట్టేది వాటర్ బార్ల దగ్గర నీరు బయటపడే కొసల శుభ్రత. ఆకులు, ఇసుక తీసేయడం పది నిమిషాల పని, తీయకపోతే ఒక్క వానలో వరస మొత్తం వృథా. అమెరికాలోని అపలాచియన్ ట్రయల్‌ను, దాదాపు 3,500 కిలోమీటర్ల దారిని, 1920ల నుంచి స్వచ్ఛంద క్లబ్బులే చూసుకుంటున్నాయి. అక్కడ ఒక్కొక్క సంరక్షకుడికి ఒక్కొక్క ముక్క అప్పగిస్తారు. మేమూ వాలు భాగాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఇద్దరికి అప్పగించాము. సెప్టెంబరు చివర ఒకసారి, కార్తీకం ముగిశాక ఒకసారి వారు వచ్చి తమ ముక్కలోని కొసలు తీసి, ఫొటో కాకుండా చిన్న వివరం రాసి పంపాలి: ఏ వరస దగ్గర ఎంత మేట, ఎక్కడ రాయి కదిలింది. ఊరివారికి అప్పగించిన ముక్కలు పట్నంవారి ముక్కల కంటే మెరుగ్గా ఉన్నాయి, ఎందుకంటే వాన ఆగిన మర్నాడే వారు వెళ్లగలరు. అందుకని క్రమంగా ముక్కలన్నిటికీ ఒక ఊరివారినైనా జత చేస్తున్నాము.

తేలని సంగతి ఒకటి మిగిలింది, వంక దాటే చోటు. అడుగులు వేయడానికి పరిచిన పెద్ద రాళ్లను మిచాంగ్ వరద పక్కకు దొర్లించింది. ఊరి పెద్దలు సిమెంటు కాజ్‌వే కావాలంటారు, అటవీశాఖ వద్దంటోంది, ఈ విషయంలో నేను అటవీశాఖ వైపే. సుమారు 40 మీటర్లు ఎగువన వంక అడుగంతా ఒకే బండ. నీరు అక్కడ వెడల్పుగా, పలచగా పారుతుంది. బాటను అటు మళ్లించాలని అర్జీ పెట్టాము, జనవరిలో అధికారులు చూడడానికి వస్తామన్నారు. అంతదాకా పాత చోటనే, ఒడ్డున ఉన్న గుండురాయి మీద మోకాలి ఎత్తున పసుపు రంగు గీత గీసి, ఆ గీతను నీరు తాకితే దాటకూడదని తెలుగులోనూ తమిళంలోనూ రాయించాము. బాట మొత్తం మీద మేము రంగు వాడింది అక్కడొక్కటే.